మన గుమ్మంలోనే పరాయి కన్ను

మన సమాజానికి చెందిన సంస్థలు నడిపే వెబ్‌సైట్లలో సందర్శకుల జాడ తీసే ట్యాగులు ఉండరాదు. ఇది సలహా కాదు, డిమాండ్. గురజాల నుంచి మాచర్ల, నరసరావుపేటల దాకా మసీదు కమిటీలు, విద్యా ట్రస్టులు, నికాహ్ సంబంధాలు కుదిర్చే వేదికలు, జకాత్ సేకరించే సంఘాలు, వీటన్నిటి బాధ్యులకూ ఈ మాట చెబుతున్నాము.

ట్యాగు అంటే పేజీలో కంటికి కనబడని చిన్న ప్రోగ్రాం ముక్క. పేజీ తెరిచిన క్షణంలోనే అది పని మొదలుపెడుతుంది. వచ్చిన వ్యక్తి ఏ పేజీ చూశాడు, ఎంతసేపు ఉన్నాడు, ఏ ఫోను వాడుతున్నాడు, సుమారుగా ఏ ప్రాంతం వాడు, ఏ మీట నొక్కాడు అన్న సమాచారాన్ని గూగుల్‌కో, మెటాకో, మరొక ప్రకటనల కంపెనీకో పంపుతుంది. 2012లో గూగుల్ తెచ్చిన ట్యాగ్ మేనేజర్ ఈ పనిని మరీ సులువు చేసింది. ఒకసారి దాని కోడును పేజీలో పెడితే చాలు. ఆ తరువాత ఎన్ని కొత్త ట్యాగులు చేర్చాలన్నా పేజీని ముట్టుకోనక్కరలేదు. ఎక్కడో కూర్చుని, ఆ ఖాతా పాస్‌వర్డు ఉన్నవాడు చేర్చగలడు. ఏ ట్యాగు ఎప్పుడు పనిచేయాలో కూడా వాడే నిర్ణయిస్తాడు. పేజీ పైకి నిన్న ఉన్నట్టే ఉంటుంది, లోపల మాత్రం కొత్త కన్ను తెరుచుకుంటుంది.

ఆ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది? మన సంస్థలలో నూటికి తొంభై చోట్ల ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరని మా అనుమానం. సైటు తయారుచేసిన కుర్రవాడు ఉద్యోగం దొరికి హైదరాబాదు వెళ్లిపోతాడు, తాళంచెవి అతనితోపాటే పోతుంది. ప్రభుత్వ కార్యాలయాలలో జీవితమంతా రిజిస్టర్లు రాసిన మాకు ఇది మింగుడుపడదు. రికార్డు రూము తాళం ఎవరి వద్ద ఉందో ఛార్జి అప్పగింత కాగితంలో రాయకుండా ఏ గుమాస్తానూ బదిలీపై వదలరు.

“మనం దాచుకోవలసింది ఏముంది?” అనేవారున్నారు. వారికి రెండు సంగతులు గుర్తుచేస్తాము.

మొదటిది మన రాష్ట్రంలోనిదే. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం సహా ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకుడు బయటపెట్టారు. తరువాత వాటిని తొలగించారు. కానీ మతం పేరుతో వెతికితే కుటుంబాల జాబితా వచ్చే పట్టిక ఎంత ప్రమాదకరమో, అల్లర్లు చూసిన తరానికి వివరించనక్కరలేదు.

రెండవది 2020 నవంబరులో వెలుగుచూసింది. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చూపే ముస్లిం ప్రో అనే యాప్‌ను అప్పటికి ప్రపంచవ్యాప్తంగా 9.8 కోట్లకు పైగా డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఆ యాప్ వాడేవారు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళ్లిందనీ, ఆ కంపెనీ కొనుగోలుదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారనీ మదర్‌బోర్డ్ పత్రిక వెల్లడించింది. యాప్ యాజమాన్యం ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నట్లు ప్రకటించింది. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్లకు వెళ్లేవారి సమాచారాన్ని అమ్మరాదని ఆ కంపెనీని కట్టడి చేసింది. నష్టం జరిగిన మూడేళ్లకు! అక్కడ పనిచేసింది కూడా యాప్‌లో అతికించిన ఒక పరాయి కోడు ముక్కే. దాన్ని అతికించుకున్నది ముస్లింల కోసం తయారైన యాప్.

చట్టం కాపాడుతుందా? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదా, ఆ పై 2019 బిల్లు, మత విశ్వాసాన్నీ కులాన్నీ ‘సున్నితమైన వ్యక్తిగత సమాచారం’గా లెక్కించి ప్రత్యేక రక్షణ ఇవ్వజూపాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఆ వర్గీకరణే లేదు. మన మతానికీ మన చెప్పుల సైజుకూ ఆ చట్టం దృష్టిలో తేడా లేదన్నమాట. యూరప్ చట్టం మత విశ్వాసాన్ని ప్రత్యేక వర్గంగా చూస్తుంది. మన పార్లమెంటుకు అది అవసరమనిపించలేదు. మైనారిటీల ప్రతినిధులు గట్టిగా పట్టుబట్టవలసిన చోటు ఇది.

అయితే అదే చట్టంలోని 9వ సెక్షన్, 18 ఏళ్లు నిండని పిల్లల జాడ తీయడాన్నీ, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్నీ నిషేధిస్తోంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, మదరసా ప్రవేశాల పేజీలు నడిపే ట్రస్టులు ఇది చదువుకోవాలి. అక్కడికి వచ్చేది ఎవరు? మన పిల్లలే.

“ఎంతమంది చూశారో తెలియకపోతే దాతలకు ఏం చెబుతాము?” అన్నది మరో వాదన. లెక్క వేరు, నిఘా వేరు. సైటు ఉన్న సర్వరే రాకపోకలను నమోదు చేస్తుంది. అది చాలదంటే మాటోమో వంటి సాధనాన్ని సొంత సర్వరులో పెట్టుకుని, సందర్శకుల గుర్తింపు తుడిచేసి, లెక్క మాత్రం ఉంచుకోవచ్చు. కూతురికి సంబంధం వెతికే తల్లి ఏ రాత్రి ఏ పేజీ ఎన్నిసార్లు తెరిచిందో దాతకు అక్కరలేదు, కమిటీకీ అక్కరలేదు. ప్రకటనల కంపెనీకి మాత్రం కావాలి. ఉచితంగా ఇచ్చారని మురిసిపోయేవారు ఈ తేడా గమనించాలి.

పరుల ఇంట్లోకి అనుమతి లేకుండా అడుగుపెట్టవద్దని సూరహ్ నూర్, ఇతరుల గుట్టు వెతకవద్దని సూరహ్ హుజురాత్ మనకు నేర్పాయి. జుమా ప్రసంగాలలో అమానత్ గురించి ఎన్నోసార్లు విన్నాము. సైటుకు వచ్చినవాడి వివరం అమానత్ కాదా? దాన్ని వాడికి చెప్పకుండా మూడోవాడి చేతిలో పెట్టడాన్ని ఏమనాలి?

పరీక్ష కష్టం కాదు. కంప్యూటర్‌లో మీ సైటు తెరిచి, కంట్రోల్, యూ మీటలు కలిపి నొక్కితే పేజీ కోడు కనబడుతుంది. అందులో గూగుల్ ట్యాగ్ మేనేజర్ పేరు గాని, ఫేస్‌బుక్ పేరు గాని ఉన్నదేమో వెతకండి. ఉంటే, ఆ ఖాతా ఎవరి పేర ఉందో, ప్రచురించే అధికారం ఎవరికి ఇచ్చారో కమిటీ కార్యదర్శి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులతోపాటు ఆ కాగితాన్ని కూడా చదివించమని ప్రతి సభ్యుడూ అడగాలి. తెప్పించలేకపోతే ఆ కోడును పేజీలోంచి తీసివేయించాలి. ఏ ప్రోగ్రామరుకైనా అది అరగంట పని.