బిల్లు లేని బంగారం ఎవరిది?

ఇండోర్ జిల్లా గ్రామాల్లో బలాయీ స్త్రీలు బంగారు, వెండి నగలు పెట్టుకోకూడదని 1928 నాటికి సవర్ణులు ఆంక్షలు విధించారు. అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో ఈ ఉదంతాన్ని ఉదహరించారు. 1930 డిసెంబరులో రామనాథపురం ప్రాంతంలో కళ్ళర్లు ఆదిద్రావిడులపై పెట్టిన ఎనిమిది నిషేధాల్లో మొదటిది కూడా నగల మీదే. మనకు బంగారం అలంకారంగా కంటే ముందు హక్కుగా మొదలైంది.

ఈ రోజు ఏ చట్టమూ దళిత స్త్రీ మెడలో పుస్తెల్ని నిషేధించదు. భూమి లేని ఇంట్లో ఆసుపత్రికైనా, పిల్లల ఫీజుకైనా ముందు తాకట్టుకు వెళ్లేది ఆ పుస్తెలూ కమ్మలే. అక్కడ ఎదురయ్యే ప్రశ్న: "బిల్లేది?" అమ్మమ్మ ఇచ్చిన గొలుసుకు బిల్లు ఎక్కడి నుంచి తెస్తాం?

రిజర్వు బ్యాంకు 2025 జూన్ 6న బంగారం, వెండి తాకట్టు రుణాలపై కొత్త ఆదేశాలిచ్చింది. వాటి అమలుకు బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు 2026 ఏప్రిల్ 1 వరకు గడువు పెట్టింది. నగకు అసలు యజమాని తానేనని రుణం తీసుకునే మనిషి నుంచి తగిన పత్రం గానీ, ధ్రువీకరణ గానీ తీసుకోవాలని అందులో ఉంది. కొన్న బిల్లు ఒక్కటే రుజువని లేదు.

మిగతా అంశాలూ మనం గుర్తుపెట్టుకోవాలి. రెండున్నర లక్షల లోపు సొంత అవసరాల రుణానికి నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చు. అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే రుణమైతే ఆ వడ్డీ కూడా ఈ పరిమితిలోకే వస్తుంది. నాణ్యత పరీక్ష మన కళ్ల ముందే జరగాలి. చదువు రాని వారికి షరతులను ఆ సంస్థ ఉద్యోగి కాని సాక్షి సమక్షంలో వివరించాలి. బాకీ తీరాక 7 పనిదినాల్లో నగ తిరిగివ్వాలి. సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి. వేలంలో బాకీ పోగా మిగిలిన సొమ్ము మనదే.

అయితే ఈ రక్షణ బ్యాంకు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వీధి చివరి తాకట్టు కొట్టు రిజర్వు బ్యాంకు ఆదేశాల కిందికి రాదు, అది రాష్ట్ర చట్టం పరిధిలోది. తాకట్టు వ్యాపారికి లైసెన్సు, తాకట్టు చీటీ తప్పనిసరి అని మద్రాసు ప్రెసిడెన్సీలో 1943లోనే చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితం మీద అంకెలు రాసిచ్చే అలవాటు పోలేదు. బ్యాంకులో గౌరవంగా కూర్చోబెట్టే వాళ్లు లేకనే మనవాళ్లు ఆ కొట్టు మెట్లెక్కుతున్నారన్నది మరిచిపోకూడదు.

అందుకే మన డిమాండ్లు మూడు. ప్రతి తాకట్టు కొట్టులో లైసెన్సు, వడ్డీ రేటు తెలుగులో కనిపించాలి. బరువు, నాణ్యత రాసిన చీటీ ఇవ్వాలి. వేలంలో మిగులు తిరిగిచ్చే నిబంధన అక్కడా అమలు కావాలి. విద్యార్థి మిత్రులు వాడకో నలుగురు కూర్చుని తల్లుల చేతిలోని తాకట్టు కాగితాలు చదివి చెప్పగలిగితే పని మొదలైనట్టే. నగలు పెట్టుకునే హక్కు కోసం మన పెద్దలు దెబ్బలు తిన్నారు. ఆ నగలు పోగొట్టుకోకుండా ఉండే హక్కును మనం కాగితం చదివి సాధించుకోవాలి.