బ్యాలెట్‌లో రైతులున్నారు, కూలీలేరీ?

2019 ఏప్రిల్ 11 నాటి నిజామాబాద్ లోక్‌సభ పోలింగ్‌ను మన ధర్పల్లిలో మరిచినోళ్లు లేరు. బరిలో 185 మంది. వారిలో 170 మందికి పైగా రైతులే! ఒక్కో బూతులో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. పసుపుకు క్వింటాలుకు 15 వేలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు: ఇవీ వారి కోర్కెలు.

ఆ రైతుల్లో ఒక్కరికీ డిపాజిట్ దక్కలేదు. కాని సిట్టింగ్ ఎంపీ కల్వకుంట్ల కవిత 70 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అరవింద్ గెలిచారు. బోర్డు మాత్రం 2025 జనవరి 14న గాని ప్రారంభం కాలేదు. ఆలస్యంగానైనా ఓడినోళ్ల కోర్కెల్లో ఒకటి నెరవేరింది. ఇది చిన్న సంగతి కాదు.

అయితే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కోర్కెల జాబితాలో పసుపు తవ్వే ఆడకూలీల కూలిరేటు ఎక్కడుంది? పసుపు ఉడకబెట్టే కొప్పెర కాడ పొగలో నిలబడేటోడి మాట ఎక్కడుంది?

ఇలాంటి ముచ్చటే నూటముప్పై ఏండ్ల కింద అమెరికాలో నడిచింది. పత్తి, గోధుమ ధరలు పడిపోయి, రైలు కంపెనీలు, బ్యాంకులు పీల్చుకు తింటుంటే అక్కడి రైతులు ప్రజా పార్టీ పెట్టుకున్నారు. 1892 అధ్యక్ష ఎన్నికల్లో వారి అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు పది లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. గెలిచింది గ్రోవర్ క్లీవ్‌లాండ్. కాని ఎక్కువ ఆదాయం మీద ఎక్కువ పన్ను వేయాలన్న రైతుల కోర్కె 1913లో చట్టమైంది.

మరి కూలీల సంగతి? ఆ ఎన్నికకు ఏడాది ముందు, 1891లో, నల్లజాతి పత్తి కూలీలు వంద పౌన్ల పత్తి ఏరితే ఒక డాలరు ఇవ్వాలని సమ్మెకు దిగారు. రైతు సంఘం నాయకుడు లియోనిడస్ పోక్ ఆ సమ్మెను వ్యతిరేకించాడు. ఆర్కాన్సా రాష్ట్రంలో సమ్మె కూలీలను వేటాడి చంపారు. ఆ పోక్‌నే అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టాలనుకున్నారు; 1892 జూన్‌లో చనిపోయాడు గాబట్టి వీవర్ వచ్చాడు. 1896లో ఆ పార్టీ డెమొక్రాట్ల అభ్యర్థి బ్రయన్ వెనక నిలబడి, మెకిన్లీ చేతిలో ఓటమి తర్వాత చెదిరిపోయింది. కూలీలను కలుపుకోని రైతు పోరాటం సగం బలంతోనే నడిచింది.

మనదగ్గర చూడండి. 2023 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పసుపు బోర్డు కూర్పులో రైతులకు, ఎగుమతిదారులకు ప్రతినిధులున్నారు. కూలీలకంటూ ఒక్క కుర్చీ లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లేఆఫ్‌తో మూతబడ్డప్పుడు చెరుకు నరికే కూలీల పనిదినాలు పోయినయి. వాటిని లెక్కగట్టినోళ్లెవరు?

సన్నకారు రైతు మనకు శత్రువు కాదు. ఆయనకు ధర పడితే ముందు కోత పడేది మన కూలికే. అందుకే ఆయన ధర కోసం మనం రోడ్డెక్కుతాం. కాని ఆయన కూడా మన కూలికోసం నోరు విప్పాలె. ధర పెరిగిన నాడు కూలి ఎంత పెరుగుతుందో ముందే రాసుకోవాలె.

కూలన్నలారా, కూలక్కలారా! రైతు సంఘాలు ఈసారి కోర్కెల పత్రం రాసేటప్పుడు మనం పక్కనే కూసుందాం. తవ్వుడు కూలి, ఉడకబెట్టుడు కూలి, బోర్డులో మన ప్రతినిధి: ఈ మూడూ అందులో ఎక్కించాలె. కాగితం మీద లేని కోర్కెను ఏ ఓటూ తెచ్చిపెట్టదు.