సిగ్గుపడవలసినది చేప కాదు



మనవరాలు ముచ్చటపడితే రెండు నెలల క్రితం మా ఇంటికి ఒక నియాన్ టెట్రా చేపను తెచ్చాను. తొట్టెలో వదిలిన క్షణం నుంచి అది ఉన్న ఒక్క నీటిమొక్క వెనుక నక్కి, రెండు రోజులు ఇవతలికి రాలేదు. చూడవచ్చిన ప్రతివారూ "పాపం, దీనికి సిగ్గెక్కువండీ" అని తీర్పు చెప్పి, దానిని రప్పించడానికి అద్దం మీద వేలితో టకటక కొట్టినవారే.

తెలుగు పంతులుగా నా మొదటి అభ్యంతరం ఆ మాట మీదనే. సిగ్గు వేరు, భయం వేరు. ఆ చేపది భయం. దానికి కారకులము మనము.

ఈ జాతి స్వస్థలం అమెజాన్ నది ఎగువ పరీవాహక ప్రాంతం. అడవి నీడ పడే వాగులలో గుంపులుగా తిరిగే చేప ఇది. అంగడికి వచ్చేవి చాలావరకు పెంపకంలో పుట్టినవే అయినా స్వభావం మారలేదు. మూడు నాలుగు సెంటీమీటర్ల ప్రాణికి గుంపే కోట. అటువంటి దానిని ఒంటరిగా తెచ్చి తెల్లని దీపం కింద నిలబెట్టాను. ఆ అపరాధం నాదే. ఇక చేప ఒంటికి ఇరువైపులా పార్శ్వరేఖ అనే ఇంద్రియం ఉంటుంది. నీటిలోని కదలికలను అది పసిగడుతుంది. మన వేలి చప్పుడు మనకు పలకరింపు కావచ్చు, దానికి పిడుగుపాటు.

"చేపకేమిటండీ, నీళ్ళుంటే చాలదా?" అంటారు. చాలదు. కుళాయి నీటిలోని క్లోరిన్ దానికి విషం. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైటుగా, దానిని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు కొత్త తొట్టెలో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఉదయం తొట్టె కొని సాయంత్రం చేపను వదిలేవారు ఆతిథ్యం ఇవ్వడం లేదు, శిక్ష వేస్తున్నారు.

చేయవలసినది కష్టమేమీ కాదు. దీపం ఆర్పి, చేప ఉన్న సంచిని 15, 20 నిమిషాలు తొట్టె నీటిపై తేలనివ్వాలి. తరువాత తొట్టె నీటిని కొద్దికొద్దిగా సంచిలో కలుపుతూ మరో అరగంట ఆగాలి. అంగడి నీరు పోయకుండా, చేపను మాత్రమే వలతో వదలాలి. ఆ రోజు దీపం వద్దు, మేత వద్దు. మొక్కలు, ఓ కుండపెంకు చాటుగా ఉంచాలి. నీరు కుదురుకున్నదని తేలాక కనీసం ఆరు చేపలను గుంపుగా ఉంచాలి.

"చూడటానికే కదా కొన్నది, చాటు కల్పిస్తే ఇక కనబడుతుందా?" అని మరొక వాదం. దాక్కునే చోటు ఉన్నదన్న ధైర్యం కలిగిన చేపే త్వరగా బయటికి వస్తుంది.

ఈ మాట నాకు బడిలోనే తెలిసి ఉండవలసింది. కొత్తగా చేరి నోరు విప్పని పిల్లలను బల్ల మీద బెత్తంతో కొట్టి "మాట్లాడరా" అని గద్దించినవాడిని నేను. వారిని కూడా సిగ్గరులనే అన్నాను.

భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడు కమండలంలో ఇమడని చేపను అంతకంతకు పెద్ద చోటికి మార్చాడు. ఆ కథను భక్తితో వినే మనము చేపను గాజుగిన్నెలో వేసి, పైగా అద్దం కొడతాము!

మా తొట్టెలో ఇప్పుడు ఏడు టెట్రాలున్నాయి. మొదటిది అందరికంటే ముందుగా మేతకు వస్తున్నది. మా ఇంటికి వచ్చేవారికి నా విన్నపం ఒక్కటే: కుర్చీ అక్కడ ఉన్నది, కూర్చుని చూడండి. చేయి మాత్రం అద్దానికి తగలనీయకండి.