రోడ్డు అందరిదే, బిందె ఎవరిది?

"ఇది మీ నాయన జాగానా?"

ముదిగుబ్బ వైపు రోడ్డు పక్క పల్లెల్లో ఆడవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. రాత్రి పదకొండుకో పన్నెండుకో ఒక బస్సు వచ్చి కొళాయి పక్కనో, బడి గోడవారనో ఆగుతుంది. టార్పాలిన్ పరుస్తారు, గ్యాస్ పొయ్యి దింపుతారు. "అన్నా, కొంచెం అవతలకి నిలుపుకోండి, తెల్లారితే మేము నీళ్ళకి రావాల" అంటే వచ్చే జవాబు అది. నిజమే, మా నాయన జాగా కాదు. గవర్నమెంటు జాగా. అందరిదీ. నా కోపమంతా ఈ "అందరిదీ" అన్న మాట మీదే. వాళ్ళ నోట్లో దానికి అర్థం "ఎవరిదీ కాదు" అని. ఎవరిదీ కాని చోటు మా పల్లెల్లో ఒక్క అడుగు కూడా లేదు.

ముదిగుబ్బ తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె మీదుగా పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. పుట్టపర్తికి దారి చీలేదీ ఇక్కడే. అందుకని బళ్ళారి వైపు నుంచి తిరుపతికి పోయే బస్సులు, కదిరి నరసింహస్వామి తేరుకు వచ్చేవి, నవంబరులో పుట్టపర్తికి వెళ్ళేవి, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాములవి, సెలవుల్లో టెంపో ట్రావెలర్లు, అన్నీ ఈ దారినే. వీటిని ఉత్త బస్సులనుకోకండి. టాపు మీద గుండిగలు, సిలిండరు, బియ్యం మూట. లోపల వంటమనిషి, సీట్ల మధ్య పరుపులు. వంటిల్లూ పడకిల్లూ రెండూ చక్రాల మీదే. విదేశాల్లో మోటర్ హోమ్ అని ముద్దుగా పిలుచుకునేది ఇదే. మనవాళ్ళు పేరు పెట్టలేదు, అంతే.

ఆగొద్దని నేననను. డ్రైవరు నిద్రపోవాలి. నిద్ర చాలని డ్రైవరు చేతిలో నా బిడ్డ ఉన్నా, మీ బిడ్డ ఉన్నా ఒకటే. నా పేచీ నిద్రతో కాదు, కాపురంతో. నిద్రకు ఆగడం వేరు, కాపురం పెట్టడం వేరు. జర్మనీలో చట్టమే ఈ తేడా చూస్తుంది. మళ్ళీ బండి నడపగలిగేలా ఒళ్ళు తేరుకోవడానికి ఆ రాత్రికి బండిలో పడుకోవచ్చు. బల్లలూ కుర్చీలూ బయట వేశారంటే అది విడిది కింద లెక్క, దానికి వేరే చోటు వెతుక్కోవాలి. అమెరికాలో వాల్‌మార్ట్ దుకాణాల ముందు మోటర్ హోమ్‌లు రాత్రికి ఆగుతాయి. లోపలికి వెళ్ళి మేనేజరును అడగాలి, ఆయన ఒప్పుకుంటేనే ఆగాలి. ఒక్క రాత్రే ఉండడం, కుర్చీలు పరచకపోవడం, బండికి ఉన్న పందిరి బయటికి లాగకపోవడం, ఆ దుకాణంలోనే ఏదో ఒకటి కొనుక్కోవడం అక్కడి మర్యాద. మన పిల్లలు అక్కడ బండి అద్దెకు తీసుకుని తిరిగేటప్పుడు ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తారు. అక్కడ మేనేజరును అడిగే నోరు, ఇక్కడ బిందె పట్టుకున్న అమ్మను అడగడానికి ఎందుకు పెగలదో నాకు అర్థం కాదు.

ఆ కొళాయి దగ్గర చోటు తెల్లారుజామున నాలుగు నుంచి ఏడు దాకా ఆడవాళ్ళది. పట్టా ఎవరూ రాసివ్వలేదు. అయినా ఊళ్ళో మగవాళ్ళెవరూ ఆ వేళప్పుడు అటు రారు. వస్తే దగ్గుతూ వస్తారు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని వచ్చేవాళ్ళు, చంకలో పిల్లాడితో వచ్చేవాళ్ళు, ఇంట్లో చెప్పుకోలేనిది పక్కింటామెతో చెప్పుకోవడానికి ఖాళీ బిందె తెచ్చుకునేవాళ్ళు కూడా అక్కడికే. అలాంటి చోట తెల్లారేసరికి ఇరవై మంది మగవాళ్ళు తువ్వాళ్ళు కట్టుకుని వరసగా స్నానాలు చేస్తుంటే మా పిల్లలు బిందెలు పట్టుకుని గోడ చాటున నిలబడతారు. వాళ్ళ స్నానాలు అయ్యేసరికి కొళాయి ఆగిపోతుంది. మా వీధికి నీళ్ళు వచ్చేది గంటసేపే.

లెక్క వేసి చూడండి. బస్సులో నలభై మంది, మనిషికి రెండు బకెట్లు, ఎనభై బకెట్లు. బిందె అన్నా బకెట్ అన్నా ఇంచుమించు ఒకటే. మా ఇంటికి రోజుకి పది చాలు. అంటే ఒక బస్సు స్నానం ఎనిమిది ఇళ్ళ ఒక రోజు నీళ్ళు. ఇందులో వంటకీ, గిన్నెలకీ, పోయేముందు బస్సు అద్దాలు కడగడానికీ అయ్యేవి వేయలేదు. (బస్సు కడగడం! ముదిగుబ్బలో!)

మా సీమలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో మాదొకటని చిన్నప్పుడు బడిలోనే చదువుకున్నాం. 2022లో మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది, వాన మారలేదు. 1990ల్లో సత్యసాయి తాగునీటి పథకం రాకముందు ఏట్లో చెలమలు తవ్వి చెంబుతో తోడుకున్న కథలు మా అత్త ఇప్పటికీ చెప్తుంది. ఆమె కొళాయిని పూర్తిగా కట్టకుండా పోయినవాళ్ళని తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. అందరిదీ అని మీరంటున్న ఆ నీళ్ళు మా అత్తలాంటి వాళ్ళు ఒక జన్మంతా ఎదురుచూసిన నీళ్ళు.

నీళ్ళతో అయిపోదు. పోయేటప్పుడు కసువు అక్కడే. థర్మాకోల్ ప్లేట్లు, సాంబారు అంటిన కవర్లు. ఉప్పు తగిలిన కవరును ఎనుము నమిలి మింగేస్తుంది, దాని కడుపు ఉబ్బితే డాక్టరు కోసం పరిగెత్తాల్సింది మేము. ఏసీ కోసమని రాత్రంతా ఇంజను ఆపరు, మిద్దె మీద పడుకున్న పిల్లల ముక్కుల్లోకి ఆ పొగ. అన్నిటికన్నా నాకు భయం పొయ్యి. శెనక్కాయలు ఒలిచాక కట్టె వామి వేసి పెట్టుకుంటాం. పశువులకు ఎండాకాలమంతా అదే మేత. ఆ వామికి ఇరవై అడుగుల దూరంలో, గాలికి ఎదురుగా కట్టెల పొయ్యి పెట్టి పూరీలు వేయిస్తుంటే నేనే వెళ్ళి చెప్పాను. వంటాయన నవ్వి "మాకు తెలుసులేమ్మా" అన్నాడు. పొయ్యి గురించి ఆడదానికి చెప్పిన మొనగాణ్ణి అప్పుడే చూశాను.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, దానితో మన ఊళ్ళల్లో పెద్ద పని జరగదు కాబట్టి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నలుగురూ తిరిగే చోట ప్రమాదమో, అడ్డమో, అకారణ ఇబ్బందో కలిగేలా బండి నిలపకూడదు. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకు పెట్టకూడదు. భజన మైకుకి కూడా ఇది వర్తిస్తుంది.

ఇక "భక్తులు కదమ్మా, నీళ్ళిస్తే పుణ్యం" అనేవాళ్ళు. ఈ మాట అనేది ఎప్పుడూ బిందె మోయనివాళ్ళే. డొక్కా సీతమ్మ గారి పేరు కూడా తెస్తారు. ఆ తల్లి అర్ధరాత్రి వచ్చినవాళ్ళకీ వండి పెట్టింది, ఈరోజు బడి భోజనానికి ఆమె పేరు పెట్టుకున్నాం, చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆమె గడపకు వచ్చినవాళ్ళు "అమ్మా, ఆకలి" అని అడిగి వచ్చారు. తెలియకుండా వచ్చి పెరట్లో పొయ్యి వెలిగించలేదు. ఇంకోటి, ఆమె ఊరు లంకల గన్నవరం, గోదావరి పాయ పక్కన. మాది ముదిగుబ్బ. అతిథి దేవుడే, కాదనను. దేవుడు కూడా ఆవాహన చేస్తేనే వస్తాడు.

మర్యాద తెలిసినవాళ్ళని చూడాలంటే మా గొర్ల కాపర్లని చూడండి. మేత కోసం ఊర్లు దాటి వందల గొర్లతో వస్తారు. వాళ్ళ ఇల్లూ నడిచే ఇల్లే. అయినా పొద్దు గూకకముందే ఒకరు ముందుగా వచ్చి రైతును కలుస్తారు. ఏ చేన్లో మంద నిలపాలి, ఎన్ని రాత్రులు, గొర్లకి నీళ్ళు ఎక్కడ తాగించుకోవాలి, అన్నీ మాట్లాడుకుంటారు. ఎరువు పడుతుందని రైతే వాళ్ళకి డబ్బో గింజలో ఇస్తాడు. మంద లేచిపోయాక చేనుకి బలం మిగులుతుంది. బడికి పోని కాపరికి తెలిసిన ఈ పద్ధతి, బస్సు వెనక పెద్ద అక్షరాలతో టూర్స్ అండ్ ట్రావెల్స్ అని రాసుకున్నవాళ్ళకి తెలియదు. లారీ డ్రైవర్లు కూడా నయం. డాబా దగ్గర ఆగుతారు, అక్కడే తింటారు, డాబా వాడి నీళ్ళే వాడుకుంటారు.

ఇక్కడ బస్సులోని ఆడవాళ్ళ గురించి చెప్పాలి. నేను పోట్లాడేది వాళ్ళతో కాదు. ఎక్కడ దిగాలో తెలియక సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. ఒకసారి తెల్లారుజామున నాలుగుకి తలుపు తట్టి, కన్నడం కలిసిన తెలుగులో "అక్కా, పిల్లకి ఇబ్బందిగా ఉంది, లోపలికి రావచ్చా" అని అడిగింది ఒకావిడ. వెనక ఇంకో ఆరుగురు. అందరికీ వేడినీళ్ళు కూడా పెట్టాను. పోయేటప్పుడు బకెట్ కడిగి బోర్లించి పోయారు. ఆడవాళ్ళు తలుపు తట్టి అడుగుతారు, మగవాళ్ళు అందరి జాగా అని అడగరు. ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళని మా వీధిలో ఎవరూ కాదనడం నేను చూడలేదు.

ఇప్పుడు దీని మీద కారవాన్లు వస్తున్నాయి. కేరళ 2021లోనే కారవాన్ పర్యాటకం అంటూ మొదలుపెట్టింది, మన రాష్ట్రంలోనూ ఆ మాట వినబడుతోంది. లోపలే మంచం, వంటిల్లు, మరుగుదొడ్డి. మంచిదే, ఆడవాళ్ళకి అంతకన్నా సుఖం ఏముంది! కానీ ఆ మరుగుదొడ్డి కింద ఒక ట్యాంకు ఉంటుంది. అది ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలి. పర్యాటకం వాళ్ళ బొమ్మల్లో కొండలు, సూర్యోదయం, కాఫీ కప్పు ఉంటాయి గానీ ఈ ట్యాంకు ఎక్కడా కనిపించదు. చీకట్లో ఎవరూ చూడకుండా మద్దిలేటిలో వదిలేస్తే? ఏరు ఎండే ఉంది కదా అనుకుంటారు. ఎండిన ఏటి ఇసక కిందే మా బోర్లకి ఊట.

పంచాయతీలు చేయగలిగింది లేకపోలేదు. సంతలో గంపెడు ఆకుకూర పెట్టుకున్న అవ్వ దగ్గర ఆశీలు వసూలు చేస్తారు. ఆమె కూర్చునేదీ అందరి జాగాలోనే కదా. రాత్రంతా ముప్పై అడుగులు ఆక్రమించిన బస్సు దగ్గర పైసా తీసుకోరు. ఊరికి కాస్త ఎడంగా ఒక చోటు చూపించి, రెండు లైట్లు, నాలుగు మరుగుదొడ్లు, ఒక నీళ్ళ ట్యాంకు కట్టి, రాత్రికి ఇంత అని ఆశీలు పెట్టి, ఆ పని పొదుపు సంఘం ఆడవాళ్ళకి అప్పగించమనండి. లెక్కలు రాయడంలో, శుభ్రం చేయించడంలో, తాగి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. బస్సులోని ఆడవాళ్ళు కూడా అప్పుడు కడుపు నిండా నీళ్ళు తాగి ప్రయాణం చేస్తారు.

అది ఎప్పుడవుతుందో గానీ, ఈ వేసవికి మీ ఇంట్లో యాత్ర మాట వచ్చిందంటే బస్సుకి అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి. డ్రైవరు బత్తా ఎంత, వంటమనిషికి ఎంత, టోలు ఎంత అని మన మగవాళ్ళు కాగితం మీద రాస్తారు. రాత్రి ఎక్కడ ఆగుతాం, ఎవరి నీళ్ళు వాడతాం అనే గీత ఆ కాగితంలో ఉండదు. మీరు రాయించండి. సత్రమైతే గదికి, కళ్యాణ మండపమైతే హాలుకి, పెట్రోలు బంకు అయితే డీజిలు అక్కడే పోయించుకోవడానికి. తాగే నీళ్ళ క్యాన్లు మనిషికి ఇన్నని బయల్దేరే ఊళ్ళోనే నింపించండి. చెత్తకి రెండు గోనె సంచులు బస్సులో పెట్టించండి. తప్పక పల్లెలో ఆగాల్సి వస్తే మగవాళ్ళు దిగకముందే మీరు దిగి, దీపం వెలుగుతున్న ఇంటి వాకిట్లో నిలబడి, "అమ్మా, ఇక్కడ నీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయి?" అని అడగండి.