కొమ్ముల లెక్క

మాది కృష్ణదేవిపేట అనగానే హాస్టల్లో ఎవరైనా అనే మొదటి మాట "ఓహో, అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న ఊరా!" అని. అవును, ఆ ఊరే. 1922 ఆగస్టు 23న రామరాజు దళం తుపాకులు పట్టుకుపోయిన పోలీసు స్టేషనూ మా ఊరిదే. మన్యం తిరగబడడానికున్న కారణాల్లో 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఒకటని లెక్చరర్లు పాఠం చెబుతారు. అడవి చట్టాలంటే మా వైపు మనుషులకు కాస్త చెవులు నిక్కబొడుచుకోవడం అందువల్లనే. ఈ వ్యాసం మాత్రం రామరాజు గురించి కాదు. దుప్పి కొమ్ముల గురించి. నవ్వకండి.

ఆ మధ్య వేసవి సెలవుల్లో, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా వీధి అన్నయ్య ఒకాయన వచ్చి అరుగుమీద అక్కడి వేట కబుర్లు చెప్పాడు. ఆయన ఉండేది పెన్సిల్వేనియా. అక్కడ సర్కారు అడవుల్లోకూడా లైసెన్సు ఉంటే సీజనులో జింకను కొట్టవచ్చు. అయితే 2002 నుంచి ఒక నిబంధన ఉంది: చాలా ప్రాంతాల్లో మగజింక కొమ్ముకు ఒక వైపు కనీసం మూడు మొనలు ఉండాలి. తుపాకి ఎత్తినవాడు ముందు మొనలు లెక్కపెట్టుకోవాలి. అంతకుముందు వేటలో పడిపోయే మగజింకల్లో ఎక్కువభాగం ఏడాదిన్నర పిల్లలే. కోడెవయసు రాకముందే పోతున్నాయని ఈ ఏర్పాటు.

"మనవాళ్ళూ ఇలాంటి రూలు పెట్టి లైసెన్సులిస్తే దొంగవేట పోతుంది కదరా తమ్ముడూ!" అన్నాడు అన్నయ్య. అరుగుమీదివాళ్ళు తలలూపారు. నేను ఊపలేదు. ఎందుకో చెబుతాను.

మన భాషలో మేకకూ కొమ్మే, దుప్పికీ కొమ్మే. కాని రెండూ ఒకటి కావు. మేకకూ, కృష్ణజింకకూ ఉన్న కొమ్ము బతికినంతకాలం పెరుగుతుందేగాని రాలదు. దుప్పి, కణితి కొమ్ములు రాలి, మళ్ళీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు వాటిమీద మఖమలు లాంటి నూగుచర్మం ఉంటుంది. లోపల నెత్తురు పారుతూంటుంది. కొమ్ము ముదిరాక ఆ చర్మాన్ని చెట్లకేసి రాచుకుంటాయి.

అక్కడి తెల్లతోక జింకలు దాదాపు అన్నీ ఒకే కాలంలో కొమ్ములు పెంచి ఒకే కాలంలో రాలుస్తాయి. అంచేత క్యాలెండరు చూసి సీజను పెట్టడం తేలిక. మన చుక్కల దుప్పికి ఆ పద్ధతి లేదు. ఒకే మందలో ముదిరిన కొమ్ములది ఒకటి, నూగుకొమ్ములది మరొకటి, బోడితలది ఇంకొకటి పక్కపక్కన మేస్తూంటాయి. పైగా వయసొచ్చిన దుప్పికైనా కణితికైనా మామూలుగా ఒక వైపు మూడే మొనలు. అయిదేళ్ళదానికీ మూడే, పదేళ్ళదానికీ మూడే. మొనలు లెక్కపెట్టి మనం తెలుసుకునేదేమిటి?

నిజానికి కొమ్ములమీద నిబంధన మనకూ ఒకటి ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సు వేటను ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే ప్రత్యేక అనుమతి లేకుండా ఆడజంతువునూ, పిల్లనూ, నూగుకొమ్ముల మీదున్న దుప్పినీ కొట్టకూడదంది. క్యాలెండరును కాక జంతువు ఒంటిని చూడమన్న మాట! దుప్పి సంగతి తెలిసినవాడెవడో రాసి ఉంటాడని నాకు ముచ్చటేసింది. కాని 1991 సవరణతో లైసెన్సులే పోయాయి. ఇప్పుడు మూడు మొనలున్నా ముప్ఫై ఉన్నా దుప్పి జోలికి పోకూడదు. అది సబబే. ఎన్ని ఉన్నాయో తెలియనిచోట ఎన్ని కొట్టవచ్చునో ఎవరు చెప్పగలరు?

అయినా అడవిలో జంతువు చస్తూనే ఉంది. నాటు తుపాకీ, ఉచ్చు, కరెంటు తీగ. వీటిలో తుపాకివాడికైనా కళ్ళున్నాయి. ఉచ్చు కొమ్ములు లెక్కపెట్టదు. చూలుతో ఉన్న ఆడదీ, పాలు తాగే పిల్లా దానికొకటే. అన్నయ్య చెప్పిన రూలు ఉచ్చు దగ్గర ఎందుకు పనికొస్తుంది?

ఉచ్చు తియ్యగలిగినవాడు ఆ అడవిలో తిరిగే గిరిజనుడే. మరి ఆయనతో చట్టం ఏ భాషలో మాట్లాడుతోంది? 2006 అటవీ హక్కుల చట్టం పోడుభూమికి హక్కిచ్చింది, అటవీ ఫలసాయానికి హక్కిచ్చింది. వేట హక్కును మాత్రం, జంతువు శరీరభాగాన్ని తీసుకునే హక్కుతో సహా, పేరుపెట్టి మినహాయించింది. అడవిలో రాలిన కొమ్మును ఏరి ఇంటికి తెచ్చుకున్నా కేసే. ఈ సగం మా వైపు ప్రతి గూడేనికీ తెలుసు. బీటు గార్డు చెబుతాడు. అదే చట్టం 5వ సెక్షన్లో గ్రామసభకు వన్యప్రాణులనూ అడవినీ కాపాడే అధికారం ఇచ్చింది. ఈ రెండో సగం చెప్పినవాళ్ళు ఎందరు? కొయ్యూరు వైపు గూడేల్లో నేను అడిగిన నలుగురిలో నలుగురూ "అదేటి బాబూ?" అన్నారు. కూడదన్న మాట చెప్పడానికి మనిషి దొరికాడు గాని, నీదే బాధ్యత అన్న మాట చెప్పడానికి దొరకలేదు.

చైత్రంలో ఏజెన్సీలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళంతా ఊరుమ్మడిగా వేటకు వెళతారు. ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్ళు ఎగతాళి చేసి పేడనీళ్ళు చల్లుతారు. పండుగ మానమని నేననను, అనడానికి నేనెవణ్ణి? అడవిలో జంతువుంటేనే ఆ పేడనీళ్ళలో పరాచికం ఉంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఉచ్చులు ఏరే పని ఆ పండుగనాటి గుంపే చేస్తే ఎలా ఉంటుందని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన చుట్ట ఆర్పి, "ఏరతాం. ఏరిన తీగలు చేతులో ఉండగా గార్డు చూస్తే, అవి మావి కావని ఎవులు చెప్తారు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. గ్రామసభ తీర్మానం కాగితం ఒకటి చేతిలో ఉంటే ఆయనకు భయం ఉండదనిపించింది. ఈ సంచిక చదివే లా విద్యార్థులు గాని, అటవీశాఖలో ఉన్న పూర్వవిద్యార్థులు గాని ఆ తీర్మానం ఎలా రాయాలో చెబితే, వచ్చే చైత్రానికి ముందే పట్టుకెళ్ళి ఆయనకిస్తాను.