జరిమానా సొమ్ము పాత ఊరికే దక్కాలి

విశాఖ వన్‌టౌన్, జ్ఞానాపురం, ఫిషింగ్ హార్బర్ వాసులకు విన్నపం

మన కిటికీ ఊచల మీద పేరుకునే నల్లపొడి ఎక్కడిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1933లో రేవు తెరిచింది మొదలు ఈ పేటల బతుకు దానితో ముడిపడి ఉంది. కూలి ఇచ్చిందీ అదే, దుమ్ము ఇచ్చిందీ అదే. రేవును మూసెయ్యమని మేం అనడం లేదు. కాలుష్యం చేసినవాళ్ల దగ్గర వసూలైన జరిమానా ఆ గాలి పీల్చినవాళ్ల పేటలోనే ఖర్చు కావాలంటున్నాం. దేనికి ఖర్చు పెట్టాలో పేటవాళ్లే ఓటేసి తేల్చాలంటున్నాం.

ఇది జరగని పని కాదు. న్యూయార్క్‌లో గ్రీన్‌పాయింట్ అని ఒక పేట ఉంది. అక్కడ న్యూటౌన్ క్రీక్ అనే ఉప్పునీటి పాయ ఒడ్డున ఒకప్పుడు చమురు శుద్ధి కర్మాగారాలు వరసగా ఉండేవి. 1978లో తీరరక్షక దళం హెలికాప్టర్ నుంచి చూస్తే నీళ్ల మీద నూనె తెట్టు కనిపించింది. ఆరా తీస్తే, కోటిన్నర గ్యాలన్లకు పైగా చమురు దశాబ్దాలుగా నేలలోకి ఇంకిపోయిందని, కొన్ని ఇళ్ల అడుగుకూ చేరిందని తేలింది. ఏళ్లు గడిచినా దాన్ని శుభ్రం చేసే పని నత్తనడకే. 2004లో రివర్‌కీపర్ సంస్థ, స్థానికులు కోర్టుకెక్కారు. 2007లో రాష్ట్రమూ దావా వేసింది. 2010లో ఆ దావాలు ఎదుర్కొన్న చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ రెండున్నర కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 1.95 కోట్లు ఆ పేట బాగు కోసమే కేటాయించారు. నేలలోని నూనె తోడే బాధ్యత విడిగా కంపెనీ మీదే ఉంచారు. ఈ తేడా ముఖ్యం: చేసిన పాడు కడగడం వేరు, పాడైన పేటకు తిరిగివ్వడం వేరు.

ఆ నిధి ఏ పనులకు ఇవ్వాలో చెప్పడానికి అక్కడివాళ్లు ఓట్లేశారు. వీధుల్లో చెట్లు లేచాయి. ఒక భవనం కప్పు మీద పూలతోట వచ్చింది. పర్యావరణ విద్యాకేంద్రంతో కలిపి కొత్తగా కట్టిన లైబ్రరీని 2020లో తెరిచారు. లైబ్రరీ కావాలని ఏ ఇంజనీరు అంచనాలో రాస్తాడు? అడిగితేనే తెలుస్తుంది.

మనకు చట్టం లేక కాదు. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం ఉంది. కానీ దాని 24వ సెక్షన్ కింద, పర్యావరణ నష్టానికి విధించిన పరిహారం దేశమంతటికీ ఒకటే అయిన పర్యావరణ సహాయ నిధికి జమవుతుంది. దుమ్ము మన ఇంట్లో, డబ్బు ఢిల్లీ ఖాతాలో. ఇది న్యాయం కాదు. ఈ నిబంధన మారాలి. మారేలోగా, ప్రతి కేసులోనూ స్థానిక వాటా కోసం మనమే ట్రిబ్యునల్‌ను అడగాలి.

ముందు లెక్క తెలియాలి. హార్బర్ చుట్టుపక్కల సంస్థలపై గత ఐదేళ్లలో ఎంత జరిమానా వేశారు, ఎంత వసూలైంది, ఎక్కడ ఖర్చయింది? సమాచార హక్కు కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. వీధికొక దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబును వార్డు సచివాలయం గోడ మీద అందరూ చదివేలా అంటించండి. తర్వాత మీ కార్పొరేటర్‌ను పిలిచి, ఆ గోడ ముందే నిలబెట్టి అడగండి.