తొండుపల్లిలో మన బడి ఉంటే, సిలబస్ ఎవరు రాయాలి?



ఒక్కసారి ఊహించండి. శంషాబాద్ మండలం తొండుపల్లిలో, ఎయిర్‌పోర్టు దగ్గర, ప్రతిభ ఉన్న ఆదివాసీ పిల్లల కోసం ఒక బడి. అట్లాంటిది అక్కడ లేదు, ఉందనుకుందాం. ఉట్నూరు నుంచి గోండు పిల్ల, భద్రాచలం నుంచి కోయ పిల్లగాడు, నల్లమల నుంచి చెంచు పిల్ల వచ్చి చేరారు. హాస్టల్ ఎట్లుండాలో, మెనూ ఏముండాలో ఎవరైనా చెప్తారు. నేనడిగేది వేరే. ఆ బడిలో పై స్థాయి చదువు అంటే ఏంటి?

తెలివైన పిల్లల్ని ఏరి చదివించడం మనకు కొత్త కాదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్ గురుకులం మొదలైంది. 1986 విద్యా విధానంతో నవోదయలు వచ్చాయి. 1997-98 నుంచి ఏకలవ్య బడులు వచ్చాయి. వాటిల్లో చదివి మనోళ్లు పైకొచ్చారు, కాదనను. కానీ 'అడ్వాన్స్‌డ్' అనగానే అందరికీ గుర్తొచ్చేది ఐఐటీ, నీట్ కోచింగే. పరీక్షకు పనికిరాని తెలివి తెలివే కాదన్నట్టు అయిపోయింది.

సకిని రామచంద్రయ్య గారిని గుర్తు చేసుకోండి. 2022లో పద్మశ్రీ వచ్చింది. కోయ వంశాల చరిత్రను, సమ్మక్క సారలమ్మల కథను గొంతులో మోసిన మనిషి. అంత జ్ఞాపకం, అంత వరస ఉన్న పిల్లగాడు ఇయ్యాల ఎంట్రన్స్ రాస్తే, ఆ ప్రతిభను పట్టుకునే ప్రశ్న ఒక్కటైనా ఉంటుందా? మీరే చెప్పండి.

అందుకే ఈ ఊహల బడికి నా సిలబస్ ఇది.

లెక్కలు: అటవీ హక్కుల చట్టం 2006 కింద ఒక కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు, అంటే పదెకరాలకు కొంచెం తక్కువ, పట్టా రావొచ్చు. 2005 డిసెంబర్ 13 నాటికి భూమి మీద ఉండాలి. మరి వంకర గట్ల చేను కొలత ఎట్లా? నాలుగు మూలల జీపీఎస్ అంకెల నుంచి విస్తీర్ణం తీయడం, పాత శాటిలైట్ ఫొటోలో పోడు గుర్తించడం నేర్పాలి. కోఆర్డినేట్ జామెట్రీ ఇదే. ఐఐటీకీ పనికొస్తుంది, గ్రామసభ తీర్మానానికీ పనికొస్తుంది.

జీవశాస్త్రం: సికిల్‌సెల్ మన గూడేల జబ్బు. తల్లిదండ్రులిద్దరికీ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక్క జన్యువే ఉన్నోళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ కూడా ఉంటుంది. అడవికీ, దోమకీ, మన రక్తానికీ ఉన్న సంబంధం ఇది. దీన్ని అర్థం చేసుకున్న పిల్ల డాక్టరైతే ఒక తీరు, బిట్లు బట్టీ పట్టి డాక్టరైతే ఇంకో తీరు.

భాష: గోండి, కోయ, తెలుగు ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మవి. కొలామిది పక్క కొమ్మ. గోండిలో 'ఏర్' అంటే నీళ్లు, తెలుగులో 'ఏరు' అంటే వాగు. ఇది చుట్టరికమా, ఉత్త పోలికా? తేల్చాలంటే ఎన్ని మాటలు పక్కపక్కన పెట్టి చూడాలి? ఇది భాషాశాస్త్రం. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. దానికి కీబోర్డు తయారుచేయడం కంప్యూటర్ క్లాసు పని.

చట్టం: పక్కనున్న ఎయిర్‌పోర్టు దాదాపు 5,500 ఎకరాలు. అంతకుముందు ఆ నేల ఎవరిది, పరిహారం ఎట్లా లెక్కగట్టారు? ఇక్కడ మొదలుపెట్టి 1/70, పెసా, సమత తీర్పు దాకా చదవాలి. మైదానంలో లేని రక్షణ ఏజెన్సీలో ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

కొందరంటారు: "మీ సంస్కృతి నేర్పితే పోటీలో వెనకబడరా?" ఇంకొందరు మనల్ని గుస్సాడీ ఆడించి, చప్పట్లు కొట్టి, లెక్కల టీచర్ని మాత్రం పంపరు. రెండూ మోసమే. కాలిక్యులస్ తగ్గించి డప్పు ఇవ్వడం మనకొద్దు, డప్పు లాక్కొని కాలిక్యులస్ ఇవ్వడమూ వద్దు. రెండూ మన హక్కే.

మరి టీచర్లు? కుమ్రం భీం 1940లో అమరుడయ్యాక నిజాం సర్కారు పిలిచిన హైమన్‌డార్ఫ్ చొరవతో, 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు వచ్చాయి. ఎనభై ఏళ్ల కింద సాధ్యమైంది ఇప్పుడెందుకు కాదు? ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచర్ ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది. న్యూజిలాండ్‌లో మావోరీలు సర్కారు కోసం ఆగకుండా 1985లో తమ భాషలో బడి తెరిచారు. ప్రభుత్వ గుర్తింపు తర్వాత వచ్చింది.

తొండుపల్లి బడి రేపే రాదు. సిలబస్ రాయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. డిగ్రీ, పీజీ చేసిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ సబ్జెక్టులో ఒక్క పాఠం మీ ఊరి నుంచి రాయండి. పెద్దమనుషుల దగ్గర కూర్చొని అడిగి రాయండి. ఈ ఎండాకాలం సెలవుల్లో మీ గూడెం పిల్లలకు చెప్పి చూడండి. వాళ్లకు అర్థమైతే అదే మన మొదటి క్లాసు.

జై ఆదివాసీ!